సెంగ్‌కాంగ్ కారులో కమురు వాసన

సింగపూర్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా బజారులో ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న, ఏం చూశావని. చూడాల్సినవన్నీ చూశాను. కానీ ఆ ఎత్తు మేడలూ, నీళ్ళ మీద దీపాలూ వెళ్ళనివాళ్ళు కూడా ఫోన్లో చూసేశారు. చెప్పబోతే "అదా, మాకు తెలుసులే" అంటున్నారు. ఫోన్లోంచి రానిది వాసన ఒక్కటే. అందుకని ఆ ఐదు రోజుల్లోంచి ఒక్క వాసన గురించి మాత్రం రాస్తున్నాను. అది పూలదీ కాదు, తిండిదీ కాదు. నడుస్తున్న కారులో వచ్చిన కమురు వాసన.

ముక్కు గురించి మాట్లాడటానికి నాకు కొంచెం అర్హత ఉంది. తెనాలిలో మాది మూడు తరాల పచారీ కొట్టు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నాకు రెండు పనులు అప్పజెప్పేవారు. కొత్తగా దిగిన నెయ్యి డబ్బా మూత తీసి, ఒక చుక్క ముంజేతి మీద రుద్దుకుని, మంచిదో కల్తీదో వాసన పట్టి చెప్పాలి. తర్వాత కందిపప్పు పొట్లాల మూతులు కొవ్వొత్తి మంట మీద అతికించాలి. పాలిథిన్ అంచు మడిచి సెగ మీద సర్రున లాగాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే కవరు కమిలి ముడుచుకుపోయేది. నాన్న గల్లాపెట్టె దగ్గర్నుంచే ముక్కు ఎగబీల్చి, "ఏమ్మా, పొట్లం కడుతున్నావా, కాలుస్తున్నావా?" అనేవాడు.

ఆ కొట్టులో పెరిగినందుకు బేరం కూడా అబ్బింది. బేరమాడకుండా కొన్న వస్తువు నాకు వంటబట్టదు. కొసరు అడక్కుండా కొట్టు మెట్లు దిగితే ఆ రాత్రి నిద్రపట్టదు. సింగపూర్‌లో నా పరువు తీసింది ఈ గుణమే.

సెంగ్‌కాంగ్: నాలుగో అంతస్తులో పూజ

సుజాత మా పిన్ని కూతురు, నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. సెంగ్‌కాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్. భర్త రవిది వరంగల్, బ్యాంకులో కంప్యూటర్ల పని. కూతురు మేఘనకి తొమ్మిదేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పి చివర "లా" తగిలిస్తుంది.

నేను వెళ్ళే సమయానికి సుజాత కారు కొని మూడు రోజులైంది. ఆ దేశంలో కారు కొనడం వేరు, కారు ఉంచుకోవడానికి సర్కారు దగ్గర పదేళ్ళ అనుమతి కొనడం వేరు. ఆ అనుమతి ధర విని నేను రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టుకున్నాను. అందుకే పాతది, అనుమతి ఇంకా నాలుగేళ్ళు మిగిలున్న వెండిరంగు కారు తీసుకుంది. డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గింది. కొత్త డ్రైవర్లు ఏడాదిపాటు కారుకి ముందూ వెనకా త్రికోణపు బిళ్ళ అంటించుకోవాలి. ఆ బిళ్ళ చూసి వెనకవాళ్ళు జాలిపడాలి, కానీ ఎక్కువమంది హారన్ కొడతారు.

రవికి లైసెన్సు లేదు, కారు మీద మోజూ లేదు. "వదినా, ఇంటి కింద రైలున్నది, బస్సున్నది. కారెందుకో మీ చెల్లెల్నే అడుగుండ్రి," అన్నాడు మొదటిరోజే.

సుజాత వంటింట్లో నాతో మెల్లగా చెప్పింది. "పదకొండేళ్ళ నుంచీ రవి వెనకాల నడుస్తూనే ఉన్నానక్కా. దారి తనకే తెలుసు, టైమింగ్స్ తనకే తెలుసు. ఒక్క పని నేను ముందు కూర్చుని చేద్దామని."

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఉంది. కారు అమ్మేవాడితో సుజాత మాట్లాడుతుంటే తెనాలి నుంచి వీడియో కాల్‌లో దూరి, "వారంలోగా నచ్చకపోతే వెనక్కి తీసుకుంటావా?" అని అడిగి అతన్ని ఒప్పించింది నేనే. గడువు సోమవారం సాయంత్రం ఆరు. ఆ షరతు గురించి మా బజారంతా చెప్పుకున్నాను. రవి కూడా దాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నాడని అప్పుడు తెలియలేదు.

గురువారం పొద్దున కారుకి పూజ చేద్దామన్నాను. టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు కావాలి. దగ్గరి కూరగాయల మార్కెట్లో ఒక చైనా ఆంటీ మూడు కాయలు డాలరంది. నాలుగిమ్మన్నాను. "ఫిక్స్‌డ్ ప్రైస్," అంది నవ్వకుండా. నేనూ కదల్లేదు. చివరికి నాలుగో కాయ ఇవ్వకుండా రెండు పచ్చిమిరపకాయలూ, ఒక రెబ్బ కరివేపాకూ సంచిలో పడేసింది. అడక్కుండానే! కొసరు అన్న మాట తెలియకపోయినా ఆవిడకి ఆ ధర్మం తెలుసు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగో కాయ డబ్బిచ్చే కొన్నాను గానీ, ఆ ఊపులో ఎర్ర ప్లాస్టిక్ సంచులు కూడా ఇంకో నాలుగు అడిగాను. సూపర్ మార్కెట్లో సంచికి కూడా డబ్బు తీసుకుంటారు. ఇక్కడ ఊరికే వస్తుంటే వదిలేస్తానా?

వాళ్ళ కార్లన్నీ ఉండేది ఒక అంతస్తుల పార్కింగ్ భవనంలో. మా కారు నాలుగో అంతస్తు. పసుపు కుంకుమ పెట్టి, టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టబోతుంటే సుజాత చెయ్యి పట్టుకుంది.

"అక్కా, రసం నేలమీద పడితే? కెమెరాలున్నాయి. ఫైన్ వేస్తారేమో."

వెంటనే నా తెలివి మెరిసింది. ఒక్కో నిమ్మకాయకి ఒక్కో ఎర్ర సంచి తొడిగాను. కాయ నలుగుతుంది, రసం సంచిలో ఉంటుంది, నేల శుభ్రం. దేవుడికీ నష్టం లేదు, మునిసిపాలిటీకీ నష్టం లేదు.

ఒక మలయ్ పెద్దమనిషి పక్క కారు బయటికి తీయడానికి వచ్చి, మా తతంగం చూస్తూ ఓపిగ్గా నిలబడ్డాడు. "న్యూ కార్ ఆ? మేము కూడా దువా చదువుకుంటాం. లెమన్ మాత్రం లేదు," అని నవ్వాడు. ఆయన్ని ఆపేశామే అన్న కంగారులో సుజాత కారు ముందుకి కదిపింది, టప్‌టప్‌మన్నాయి. నేను వంగి సంచులు గబగబా ఏరి, ఒకదాంట్లో ఒకటి కుక్కి, చెత్తబుట్టలో వేశాను.

హౌగాంగ్: క్యారెట్ లేని కేకు

శుక్రవారం సాయంత్రం కారులో లీలగా ఒక వాసన వచ్చింది. బయట రోడ్డు పనేమో అనుకున్నాం. శనివారం పొద్దున హౌగాంగ్‌లో తిని, బిషాన్‌లో పార్కు చూద్దామని బయల్దేరాం. డ్రైవింగ్ సుజాతది, పక్కన నేను, వెనక మేఘన. ఎక్స్‌ప్రెస్ వే అంటే సుజాతకి భయం, అందుకని లోపలి రోడ్లలోనే వెళ్ళాం. మన లాగే ఎడమపక్క నడుపుతారు గానీ, ఎవరి గీతలో వాళ్ళే ఉంటారు. అది చూడటానికి నాకు సినిమా అంత వింతగా ఉంది.

పది నిమిషాలయ్యాక సిగ్నల్ దగ్గర ఆగాం. గుప్పున వచ్చింది.

"అమ్మా, స్మెల్లీ లా!" అంది మేఘన ముక్కు మూసుకుని.

పచ్చదీపం పడింది, కారు కదిలింది, వాసన తగ్గింది. మళ్ళీ సిగ్నల్, మళ్ళీ వాసన. సుజాత చేతులు స్టీరింగుని గట్టిగా పట్టుకున్నాయి. "అక్కా, హ్యాండ్‌బ్రేక్ దించానా? దించాను కదా? చూడు." దించే ఉంది. వేడి చూపించే ముల్లు మామూలుగానే ఉంది. పొగ లేదు. ఏసీ ఆపి అద్దాలు దించితే బయటి నుంచే ఎక్కువ వస్తోంది. అంటే లోపల వైర్లు కాలడం లేదు. హౌగాంగ్‌లో మొదట కనపడిన ఖాళీ పార్కింగులో ఆపి, ఇంజన్ కట్టేసి, పిల్లని దింపి దూరంగా నిలబడ్డాం. కాసేపటికి బానెట్ ఎత్తి చూశాం. మంట లేదు, కారుతున్నదేమీ లేదు. మా ఇద్దరికీ అంతకంటే ఏమీ తెలియదు.

సుజాత రవికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అటునుంచి నిట్టూర్పు ముందొచ్చింది, మాట తర్వాత.

"నువ్ బ్రేకు మీద కాలు తీస్తలేవు, నేను చూసిన. గందుకే కాలుతుంది. మండేలోపు వాపస్ ఇచ్చేయ్. వదినే కదా షరతు పెట్టించింది."

నేను పెట్టించిన షరతు నా చెల్లెలి నెత్తినే పడింది.

కారు చల్లబడేదాకా పక్కనున్న హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, కూర్చున్నాం. అక్కడ బల్ల మీద టిష్యూ పొట్లం పెడితే ఆ చోటు మీదే, ఎవరూ కూర్చోరు. దాన్ని చోప్ అంటారు. మన బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే, కాకపోతే ఇక్కడ తువ్వాలు తీసేసి కూర్చునేవాళ్ళు లేరు. క్యారెట్ కేకు తెచ్చింది సుజాత. అందులో క్యారెట్టూ లేదు, అది కేకూ కాదు. ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఉడికించిన ముక్కల్ని గుడ్డుతో వేయించారు. తెనాలిలో ఆ పేరుతో అమ్మితే కొట్టు ముందు పంచాయితీ అయ్యేది. రుచికి మాత్రం నేను రెండో ప్లేటుకి లేచాను. చిన్న ప్లేటు ధరకి కొంచెం ఎక్కువ వెయ్యమంటే కొట్టాయన, "ఆంటీ, స్మాల్ ఈజ్ స్మాల్, బిగ్ ఈజ్ బిగ్," అన్నాడు. చివరికి పెద్దదే కొన్నాను.

పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ముసలి టాక్సీ డ్రైవరు మా మాటలు విని, కూర్చున్న చోటి నుంచే కారునీ దాని త్రికోణపు బిళ్ళనీ చూశాడు. "బ్రేక్ లా. న్యూ డ్రైవర్ ఆల్ లైక్ దట్," అని తీర్పిచ్చి వెళ్ళిపోయాడు.

సుజాత చెంచా కింద పెట్టేసింది. "ఇద్దరూ ఒకటే అన్నారు చూడక్కా. ఇచ్చేస్తా. నాకు రాదు ఇది."

ఆ ముఖం చూస్తూ కూర్చోలేకపోయాను. నెయ్యి డబ్బా దగ్గర నాన్న ఎవరి మాటా వినేవాడు కాదు, మూత తీసేవాడు. లేచి కారు దగ్గరికెళ్ళి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఒక్కో చక్రం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాను. దారినపోయే ఒకావిడ ఆగి, నాకేమైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నాలుగు చక్రాల దగ్గరా దుమ్ము వాసనే తప్ప ఇంకేమీ లేదు. కానీ ముందు ఎడమ తలుపు కింద, అంటే సరిగ్గా నేను కూర్చున్న సీటు కింద ముక్కు పెట్టగానే, నాన్న గొంతు వినపడినట్టయింది. పొట్లం కడుతున్నావా, కాలుస్తున్నావా?

"సుజీ, ఇది బ్రేకు కాదే. పాలిథిన్ కాలుతోంది. కొవ్వొత్తి మీద చెయ్యి ఆగినప్పుడు వచ్చే వాసన."

"అక్కా, అది కారు. కందిపప్పు పొట్లం కాదు."

"వాసన పట్టడంలో ఎప్పుడన్నా తప్పానా?"

"బేరంలో కూడా ఎప్పుడూ తప్పలేదంటావు," అంది. ఆ దెబ్బ న్యాయమైనదే.

బిషాన్ దగ్గర: నాయుడు అంకుల్ చెక్క గరిటె

బిషాన్ పక్కనే కార్ల రిపేరు కొట్లు వరసగా ఉన్న పేట ఉంది. సుజాత స్నేహితురాలు ఫోన్లో అక్కడి నాయుడు అంకుల్ పేరు చెప్పింది. మధ్యమధ్య ఆగి, చల్లబరుచుకుంటూ మెల్లగా చేరాం.

అంకుల్‌కి అరవై దాటాయి. మలేషియాలో రబ్బరు తోటలో పుట్టి, పనికోసం ఇటు వచ్చి ముప్పై ఏళ్ళయిందట. నా మాట వినగానే చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటమ్మా, ఏ ఊరు మీది? మా తాతది సికాకోలంట, నేను చూడలేదు. మకాన్ అయ్యిందా? తిన్నారా?"

తిన్నామని చెప్పి, కారు ఎత్తి చూడటానికి ఎంత అన్నాను. నలభై డాలర్లన్నాడు. ఇరవై అన్నాను. సుజాత నా మోచెయ్యి గిల్లింది. ఆయన మాత్రం ముఖం విప్పారేలా నవ్వాడు.

"అయ్యో, ఎన్నాళ్ళయిందమ్మా ఇలాగ అడిగి! ఇక్కడోళ్ళు అడగరు. మా అమ్మ చేపలకాడ ఇలాగే ఆడేది." ఇద్దరం తనివితీరా బేరమాడుకుని ముప్పై దగ్గర ఆగాం.

కారుని పైకి లేపి మమ్మల్ని కిందికి పిలిచాడు. టార్చి వేశాడు. పొగగొట్టం మీద, సరిగ్గా నా సీటు కింద, ఎర్రగా నిగనిగలాడుతూ ఒక ముద్ద కరిగి అతుక్కునుంది.

"అదిగో. ప్లాస్టిక్ సంచి. గొట్టం వేడెక్కినప్పుడల్లా కాలతాది. బండి నడుస్తుంటే వాసన వెనక్కి పోతాది, ఆగితే పైకొస్తాది. వారానికోటి చూస్తాను నేను. రోడ్డు మీద పడుంటాది, టైరుకో గాలికో లేచి అంటుకుంటాది."

గెలిచాను! "చెప్పానా?" అని సుజాత వైపు తిరిగాను. దాని ముఖంలో నేననుకున్న వెలుగు లేదు.

"రోడ్డు మీద అంత ఎర్ర సంచి ఉంటే నాకు కనపడలేదక్కా," అంది నెమ్మదిగా. "బ్రేకు కాకపోతే ఏం? ఎదురుగా ఉన్నదే చూడలేకపోయాను. రేపు సంచికి బదులు ఇంకేదన్నా అయితే? వెనక పిల్ల కూర్చుంటుంది. రవి చెప్పిందే కరెక్టు. సోమవారం ఇచ్చేద్దాం."

అంకుల్ అప్పుడే ఇంజన్ కొద్దిగా వేడి చేసి, మెత్తబడ్డ ముద్దని ఒక పాత చెక్క గరిటెతో గీకుతున్నాడు. ఇనుప పనిముట్లు అన్నుంటే చెక్కదెందుకని అడిగాను. ఇనుముతో గొట్టం గీసుకుపోతుందనీ, ఇది వాళ్ళావిడ వంటింట్లోంచి ఎత్తుకొచ్చిందనీ చెప్పాడు. ఒక పెద్ద పెచ్చు ఊడి నేలమీద పడింది. దాన్ని తిప్పి చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఇదేటి? గింజ ఉన్నాదే. పసుపు లాగ కూడా..."

నాలుగు నిమ్మకాయలు, నాలుగు సంచులు. ఆ మలయ్ పెద్దమనిషి నిలబడి ఉన్నాడని గబగబా ఏరాను. ఎన్ని ఏరానో చూసుకోలేదు. పదేళ్ళ వయసులోనే చిల్లర మీద చెయ్యి పెట్టి ఎంతుందో చెప్పిన నేను, నాలుగు దాకా లెక్కపెట్టలేకపోయాను.

నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. అంకుల్ అప్పటికే గింజని పక్కకి తోసేశాడు. తెనాలి వెళ్ళి నా ముక్కు సింగపూర్‌లో కారు బాగుచేసిందని చెప్పుకోవచ్చు. కానీ సుజాత నేల వైపు చూస్తోంది, పరీక్ష మూడోసారి కూడా తప్పినదానిలా.

"సుజీ, అది రోడ్డు మీద సంచి కాదే. నేను నిమ్మకాయకి తొడిగిన సంచి. నాలుగు పెట్టి మూడే తీసినట్టున్నాను. నీ దారిలో ఏమీ లేదు. నువ్వు చూడాల్సిందేమీ వదిలెయ్యలేదు."

ముందు అంకుల్ భుజాలు కదిలాయి. "నిమ్మకాయకి సంచి తొడిగినారా? మా అమ్మ ఎన్ని లారీలకి తొక్కించలేదు, సంచి మాట ఇప్పుడే వింటన్నాను!" మేఘనకి విషయం అర్థమై చప్పట్లు కొట్టింది. "పెద్దమ్మా, యూ లిట్టర్డ్ లా! ఫైన్! ఫైన్!"

సుజాత మాత్రం నన్నే చూస్తోంది. "ఆ సంచులు మార్కెట్లో ఆవిడ తనంతట తాను ఇవ్వలేదు కదక్కా. నువ్వు అడిగి మరీ తెచ్చావు."

"అవునే. ఊరికే వస్తున్నాయని."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వులో కాస్త ఏడుపు కూడా ఉంది గానీ, నవ్వే.

నేను సిగ్గుతో నలభై డాలర్లూ తీసి ఇచ్చాను. అంకుల్ పది వెనక్కిచ్చేశాడు. "ముప్పైకి మాటయిపోయింది కదమ్మా. బేరం బేరమే." అని, ఏదో గుర్తొచ్చినట్టు సుజాతని ముందు చక్రం దగ్గరికి పిలిచి టార్చి వేశాడు. "ఇది కొసరు, మీ అక్కకి. ఇదిగో బ్రేకు డిస్కు. కొత్తోళ్ళు తొక్కి తొక్కి నీలంగా కాల్చేస్తారు. నీది సుద్దంగా ఉన్నాది. కాలు బాగా పడతన్నాది నీకు. మిగిలిన మరక దానంతటదే కాలిపోతాది. రెండు రోజులు కొంచెం వాసనొస్తాది, తర్వాత హబిస్. అయిపోయినట్టే."

నా జీవితంలో ఎన్నో కొసర్లు పుచ్చుకున్నాను. అంత బరువైనది ఎప్పుడూ రాలేదు.

చాంగీ దారి: ముందు సీటు

ఆదివారం వాసన ఇంకా కొంచెం వచ్చింది. కథంతా విని రవి నవ్వాడు గానీ, "వాసనైతే పోలే కదా," అన్నాడు. సోమవారం మధ్యాహ్నం నా విమానం, సాయంత్రం ఆరుకి షరతు గడువు. టాక్సీ పిలుస్తానని రవి ఫోన్ తీశాడు.

"అవసరం లేదు. నేను దింపుతా. ఎక్స్‌ప్రెస్ వే మీద," అంది సుజాత.

రవి సెలవు పెట్టి మరీ వచ్చాడు, వెనక సీట్లో కూర్చున్నాడు. చాంగీ విమానాశ్రయం దాకా ఆ కారులో పనిచేసిన యంత్రాలు రెండే, ఇంజనూ నా ముక్కూ. పది నిమిషాలైంది. దిగే దారి దగ్గర సిగ్నల్ పడింది, ఆగాం. రవి ముందుకి వంగాడు.

"వదినా, వస్తున్నదా?"

గట్టిగా పీల్చాను. పీల్చి, చెబుదామని నోరు తెరిచాను.

"మాట్లాడకక్కా, లేన్ మారాలి," అంది సుజాత అద్దంలో చూసుకుంటూ.

విమానాశ్రయం ముందు దిగాక చెప్పాను, రవి పూసుకున్న సెంటు తప్ప ఇంకే వాసనా లేదని. రవి గడియారం చూసుకున్నాడు. "ఆరింటిదాకా టైమున్నది. ఏం చేద్దాం మరి?"

"ఆరింటికి మేఘనని ఈతకి తీసుకెళ్ళాలి. కారు కావాలి," అంది సుజాత, నా పెట్టె దించుతూ. దించి, కారు చుట్టూ ఒకసారి నడిచి, వంగి కిందికి చూసింది. ఏం వెతుకుతున్నావే అంటే, "నువ్వు దిగావు కదా, ఇంకేమన్నా వదిలేశావేమో అని," అంది.

గాజు తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. రవి వెనక తలుపు మూసి, కారు పక్కన ఒక్క క్షణం నిలబడి, ముందు తలుపు తీసి నా సీట్లో కూర్చున్నాడు. సుజాత అతనితో ఏదో అంది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని బెల్టు పెట్టుకున్నాడు. అప్పుడు గానీ ఆమె కారు కదపలేదు.